పాలమూరు బోర్డింగు, కర్నూలు కాపురం

కర్నూలులో క్రైస్తవ కుటుంబం అనగానే బాప్టిస్టులే అయి ఉంటారని చాలామంది అనుకుంటారు. అలా అనుకోవడానికి కారణం ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషను ఈ పట్టణంలో 1870ల నుంచీ ఉంది. స్టాంటన్ దొరగారు దశాబ్దాల తరబడి ఇక్కడే ఉండి పనిచేశారు. ఆయన పేరుతో స్టాంటన్‌పురం అనే పేట నేటికీ ఉంది. కోల్స్ మెమోరియల్ హైస్కూలులో చదువుకున్నవారు కులమతాలతో నిమిత్తం లేకుండా ఊరంతా కనిపిస్తారు. మా తాతయ్య తరఫువారు కూడా ఆ బాప్టిస్టు సంఘపు వారే. అయితే మా ఇంటికి చదువు మీద మమకారం, ప్రార్థన మీద పట్టుదల అవ్వ వల్ల వచ్చాయి, ఆ అవ్వ మాత్రం ఈ ఒడ్డు మనిషి కాదు. తుంగభద్రకు అవతల గద్వాల సంస్థానపు పల్లెలో పుట్టి, పాలమూరులోని మెన్నోనైట్ బ్రదరెన్ మిషను బోర్డింగులో పెరిగి, పెళ్ళితో కర్నూలు వచ్చి, కడదాకా "మేము ఎం.బి. వాళ్ళం" అని చెప్పుకున్న మనిషి ఆవిడ.

ఆ ఎం.బి. సంఘం గురించి ఇంగ్లీషులోనూ జర్మనులోనూ చాలా రాశారు. దొరల ఉత్తరాలు, వార్షిక నివేదికలు, ఫొటోలు కాన్సస్ రాష్ట్రంలోని హిల్స్‌బరోలో, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో, కెనడాలోని విన్నిపెగ్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిలో మా అవ్వ వంటివారు "ఒక బోర్డింగు పిల్ల", "ఒక బైబిలు స్త్రీ", "పల్లె పంతులు" అన్న మాటలతోనే సరిపెట్టబడ్డారు. వందేళ్ళకు పైగా ఆ సంఘాలను మోసినవారి పేర్లు తెలుగులో, వారి మనవలూ మనవరాళ్ళూ రాసుకుంటే తప్ప మిగలవన్న బాధతో ఇది రాస్తున్నాను.

ఈ మెన్నోనైట్ల కథ మనకు చాలా దూరాన మొదలైంది. 1525లో జ్యూరిక్ నగరంలో కొందరు విశ్వాసులు, పసిబిడ్డకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదని, తెలివి వచ్చి తనంతట తాను ఒప్పుకున్నవారికే అది ఇవ్వాలని తీర్మానించుకున్నందుకు అటు ప్రభుత్వాల చేతా ఇటు సంఘాల చేతా హింసల పాలయ్యారు. చెల్లాచెదురైన అటువంటి విశ్వాసులను డచ్చి ప్రాంతంలో కూడగట్టినవాడు మెన్నో సైమన్స్. ఆయన 1536లో కాథలిక్ గురుత్వాన్ని వదులుకొని వారితో చేరాడు. ఆయన పేరే వారికి నిలిచింది. ఆయుధం పట్టకూడదు, ఒట్టు పెట్టుకోకూడదు అన్నవి వారి నియమాలు. ఆ నియమాలను కాపాడుకోవడానికే వారు తరం తరువాత తరం వలస పోయారు. మొదట విస్తులా నది లంకభూములకు, అక్కడి నుంచి 1789 మొదలుకొని రష్యా రాణి కేథరిన్ పిలుపు మీద నేటి ఉక్రెయిన్ మైదానాలకు వెళ్ళారు. అక్కడ మొలోచ్నా అనే వలసలో 1860లో ఒక వర్గం విడిపోయి మెన్నోనైట్ బ్రదరెన్ సంఘంగా ఏర్పడింది. ముంచి బాప్తిస్మం ఇవ్వడం వీరి పద్ధతి. 1874లో రష్యాలో సైనిక సేవను తప్పనిసరి చేసే చట్టం రావడంతో వేల కుటుంబాలు ఓడలెక్కి అమెరికాలోని కాన్సస్, నెబ్రాస్కా, మినసోటా ప్రాంతాలకు చేరి గోధుమ సేద్యంలో స్థిరపడ్డాయి.

అవ్వకు ఈ సంవత్సరాలు తెలియవు. "మన దొరలు కూడా ఊరు విడిచి వచ్చినవాళ్ళే, పొలం దున్నుకునే వాళ్ళే" అని మాత్రం చెప్పేది. ఆ ఒక్క మాటలో ఎంత చరిత్ర ఉందో నాకు పుస్తకాలు చదివాక తెలిసింది.

తెలుగు నేల మీద అడుగుపెట్టిన మొదటి మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు అమెరికా నుంచి కాక రష్యా నుంచి వచ్చారు. అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో వచ్చి, మరుసటి ఏడు నల్లగొండలో మకాం పెట్టారు. ఫ్రీసెన్ జర్మనీలోని హాంబర్గు బాప్టిస్టు సెమినరీలో చదువుకున్నవాడు. రష్యాలోని చిన్న సంఘానికి విదేశంలో సొంతంగా మిషను నడిపే సత్తువ లేనందున అమెరికన్ బాప్టిస్టుల కిందనే పనిచేసే ఏర్పాటు చేసుకున్నారు. వారు తెలుగువారినే ఎంచుకోవడానికి బాప్టిస్టు మిషనుకు అప్పటికే ఇక్కడ ఉన్న పేరే కారణమని నా అభిప్రాయం. 1876–78 కరువు మా కర్నూలు జిల్లాను ఎంతగా పీల్చి పిప్పి చేసిందో తెలిసిందే; ఆ కరువు వెనువెంటనే 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న వార్త ప్రపంచమంతటా బాప్టిస్టులను కదిలించింది. మొదట్లో మెన్నోనైట్ల దగ్గర పనిచేసిన తెలుగు బోధకుల్లో పలువురు బాప్టిస్టుల రామాపట్నం సెమినరీలో శిక్షణ పొందినవారే. అంటే అవ్వ పుట్టింటి సంఘమూ మెట్టినింటి సంఘమూ మొదటి నుంచీ పాలివాళ్ళ వంటివి.

అమెరికాలో స్థిరపడ్డ మెన్నోనైట్ బ్రదరెన్ వారు 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులను హైదరాబాదుకు పంపారు. జబ్బు చేసి ఆయన రెండేళ్ళకే తిరిగి వెళ్ళవలసి వచ్చింది. 1902లో పాంక్రాట్జ్, 1904లో డి.ఎఫ్. బెర్గ్‌తోల్డ్ వచ్చారు, బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలు కేంద్రంగా సుదీర్ఘకాలం పనిచేశారు. రష్యాలో విప్లవం వచ్చాక అక్కడి సంఘాల నుంచి డబ్బు, ఉత్తరాలు ఆగిపోయి, నల్లగొండ వైపు పనిచేస్తున్న రష్యా దొరలు దిక్కులేనివారైనంత పనైంది. వారిలో కొందరు తిరిగి వెళ్ళడానికి దేశమే లేక ఇక్కడే వృద్ధులయ్యారు. శంషాబాదు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, గద్వాల, నారాయణపేట కూడా క్రమంగా ఎం.బి. కేంద్రాలయ్యాయి. పాలమూరు, అంటే మహబూబ్‌నగరు, ఎల్బర్ట్ ఛ్యూట్ దొరగారి కాలం నుంచి బాప్టిస్టుల చేతిలో ఉండేది; దానిని 1937లో ఎం.బి. మిషనుకు అప్పగించారు. ఆ తరువాత కొన్నేళ్ళకే మా అవ్వ ఆ బోర్డింగులో చేరింది.

ఆవిడను చేర్చింది వాళ్ళ అమ్మ. మా పెద్దవ్వ ఊరూరూ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ. చదవడం మాత్రమే వచ్చు, రాయడం రాదు. చంకన ఒక గుడ్డ సంచి, అందులో సువార్తల చిన్న పుస్తకాలు, కీర్తనల పుస్తకం, దారిలో తినడానికి ఒక జొన్న రొట్టె, ఎండుమిరపకాయ. ఏ ఊళ్ళోనూ పెద్దవీధిలోకి రానిచ్చేవారు కారు; మాలమాదిగ పల్లెల్లో వేపచెట్టు కింద ఆడవాళ్ళు కలుపు పనికి పోకముందు, లేదా రాత్రి గంజి తాగిన తరువాత, కూర్చోబెట్టుకొని చెప్పేదట. ఎవరికి కాన్పు కష్టమైనా, ఎవరి బిడ్డకు జ్వరం వచ్చినా ముందు ఆవిడనే పిలిచేవారు. ఆ పనికి నెలకు ఆవిడకు దక్కేది నిజాం సర్కారు హాలీ సిక్కాలలో కొద్దిపాటి రూకలు. ఒక మిషను నివేదికలో ఆ చుట్టుపక్కల పల్లెల గురించి వాక్యాలు చదివాను. "స్థానిక స్త్రీలు నమ్మకంగా పనిచేస్తున్నారు" అని ఉంది. ఆ వాక్యం మీద వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయాను.

బోర్డింగు గురించి అవ్వ చెప్పినంత వివరంగా నాకు మరెవరూ చెప్పలేదు. తెల్లవారుజామున గంట కొట్టేవారట. అది రైలు పట్టా ముక్క, కొయ్యకు వేలాడదీసి ఇనుప కడ్డీతో కొట్టేవారు. లేచి చాపలు చుట్టి, వరుసగా బావి దగ్గరికి పోవాలి. ఆ బావి గురించి చెప్పేటప్పుడు అవ్వ గొంతు మారేది. ఊళ్ళో బావి గట్టు ఎక్కనివ్వని పిల్లకు, దూరంగా నిలబడి ఎవరైనా పోస్తే దోసిలి పట్టి తాగే పిల్లకు, తన చేత్తో చేద వేసి నీళ్ళు తోడుకొమ్మని చెప్పారు. మొదటి రోజు తాడు పట్టుకోవడానికి భయపడి ఏడ్చిందట. పెద్ద పిల్ల ఒకామె వెనుక నిలబడి, తన చేతుల మీదుగా తాడు లాగించింది. "ఆ అక్క చేతులు గరుకుగా ఉండె" అనేది అవ్వ. ఆ అక్క పేరు కూడా చెప్పేది గానీ, ఆవిడ వారసులు ఉన్నందున ఇక్కడ రాయడం లేదు.

పొద్దున అంబలి, మధ్యాహ్నం జొన్న సంకటి, పచ్చిపులుసు, ఆదివారం మాత్రం వరి అన్నం. విసురురాయి దగ్గర ఇద్దరిద్దరు చొప్పున వంతులు. చదువు తెలుగులోనే, సర్కారు బడుల్లో ఉర్దూ నడిచే రోజులు కాబట్టి ఉర్దూ అక్షరాలు కూడా నేర్పేవారు. మధ్యాహ్నం కుట్టుపని. మిస్సమ్మ ఒకరు కూర్చోబెట్టి, అంచు మడత ఎంత వెడల్పు ఉండాలో వేలితో కొలిచి చూపించేదట, వంకరగా కుడితే ఊడదీయించి మళ్ళీ కుట్టించేదట. ఆ కుట్టు అవ్వ చేతికి అలాగే నిలిచిపోయింది. మా చిన్నప్పుడు మా లంగాల అంచులు మా ఊరి దర్జీలు కుట్టిన దానికన్నా చక్కగా ఉండేవి.

చలికాలం అమెరికా నుంచి మూటలు వచ్చేవి. అక్కడి సంఘాల ఆడవాళ్ళు పాత బట్టల ముక్కలను చతురస్రాలుగా కోసి, కలిపి, లోపల దూది పరిచి కుట్టిన దుప్పట్లు అవి. కుట్టు వేసి ముగించకుండా, జానెడు జానెడు దూరంలో ఊలు దారం దూర్చి ముడి వేసేవారు. అవ్వ పెళ్ళికి బోర్డింగు వారు ఇచ్చిన దుప్పటి ఒకటి మా ఇంట్లో ఉండేది. ముడులు ఎర్రవి, ముక్కల్లో ఒకటి నీలం గళ్ళ గుడ్డ, ఒకటి పసుపు పూల గుడ్డ. జ్వరం వచ్చిన పిల్లలకే ఆ దుప్పటి కప్పేది. ఎండాకాలంలో పెట్టెలో వేపాకు వేసి దాచేది. ఆ ముక్కలు ఏ ఇంటి గౌన్లవో, ఏ పిల్లలు వేసుకొని విడిచినవో అని నేను ఊహించుకుంటూ ముడులు లెక్కపెట్టేవాణ్ణి.

అవ్వ చెప్పిన మిస్సమ్మలలో అందరికన్నా గొప్పగా చెప్పినది డాక్టరమ్మ కేథరీనా షెలెన్‌బెర్గ్ గురించి. 1907లో వచ్చి, శంషాబాదులో ఆసుపత్రి నడిపి, 1945లో ఇక్కడే కన్నుమూసిన మహాతల్లి. అవ్వ ఆవిడను చూడలేదు. వాళ్ళ పెద్దమ్మకు కడుపులో గడ్డ లేస్తే బండి కట్టుకొని, రైలెక్కి శంషాబాదు తీసుకుపోయారట. ఆవిడ తరువాత 1950లలో జడ్చర్లలో ఎం.బి. మిషను పెద్ద ఆసుపత్రి కట్టింది. మా చిన్నత్త అక్కడే పుట్టింది. కర్నూలులో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నా, తొలి చూలు తప్ప మిగతా కాన్పులన్నీ జడ్చర్లలోనే కావాలని అవ్వ పట్టుబట్టింది. సికింద్రాబాదుకు పోయే మీటరు గేజి బండిలో ఆలంపురం రోడ్డు, మానవపాడు, ఇటిక్యాల, గద్వాల దాటి, కృష్ణ వంతెన మీద పోతున్నప్పుడు కిటికీ లోంచి నీళ్ళలోకి పైసా వేసి దండం పెట్టే తోటి ప్రయాణికులను చూసి, తాను కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకునేది.

పెళ్ళి విషయానికి వస్తే, బాప్టిస్టు ఇంటికి మెన్నోనైట్ పిల్ల రావడానికి మా వాళ్ళకు అడ్డేమీ కనబడలేదు. ఇద్దరిదీ ముంచి ఇచ్చే బాప్తిస్మమే. పాలమూరు సంఘం నుంచి బదిలీ పత్రిక తెచ్చుకుంటే చాలు, కర్నూలు సంఘపు పుస్తకంలో పేరు ఎక్కుతుంది. అదే నంద్యాల వైపు ఎస్.పి.జి. ఆంగ్లికను సంఘాల పిల్లో, కడప, జమ్మలమడుగు, గుత్తి, అనంతపురం వైపు లండను మిషను పిల్లో అయి ఉంటే, పసితనంలో పొందిన బాప్తిస్మం సరిపోతుందా అని పెద్దలు కూర్చొని చర్చించేవారు. మిషన్లు జిల్లాలను పంచుకోవడం వల్ల మన రాయలసీమలో ఊరిని బట్టి విశ్వాసపు పద్ధతి వచ్చింది. ఎవరూ ఎంచుకున్నది కాదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు లండను మిషను సంఘాలు అందులో కలిశాయి, బాప్టిస్టులూ మెన్నోనైట్లూ కలవలేదు. మా బంధువుల ఇళ్ళల్లో ఒకే పండక్కి మూడు రకాల ఆరాధన క్రమాలు కలిసేవి, అయినా క్రిస్మసు ముందు రాత్రి భజన మాత్రం అందరిదీ ఒకటే, అదే మద్దెల, అవే తాళాలు.

అవ్వ బాప్తిస్మం చెరువులో జరిగింది. దాని తేదీ, సాక్షుల సంతకాలు ఉన్న కాగితం ఆవిడ ట్రంకు పెట్టెలో అడుగున ఉండేది. తెల్లచీర కట్టి, నడుము లోతు నీళ్ళలో ఇద్దరు బోధకుల నడుమ నిలబడితే, గట్టు మీద ఊరివాళ్ళు వింత చూడడానికి మూగారట. వారిలో వాళ్ళ సొంత మేనమామ కూడా ఉండి, ఆ తరువాత చాలా కాలం ఇంటికి రాలేదు.

మెన్నోనైట్ల శాంతి బోధ మన తెలుగు సంఘాలకు ఎంతవరకు అందింది అన్నది నన్ను తరచు వేధించే ప్రశ్న. ఆయుధం పట్టకూడదన్న నియమం కోసం దేశాలు దాటి వచ్చినవారు, ఇక్కడ రక్షణ, బాప్తిస్మం, తాగుడు మానడం, పరిశుద్ధమైన నడత గురించి చెప్పినంతగా ఆ నియమం గురించి చెప్పలేదని నాకు అనిపిస్తుంది. బాప్టిస్టులకూ తమకూ తేడా చెప్పమంటే మా పెద్దలు చాలామంది తడుముకునేవారు. అయినా అవ్వకు మాత్రం అది ఒంటబట్టింది. 1948 నాటి రజాకార్ల గొడవల్లో పాలమూరు వైపు వాళ్ళ అన్నలు ఊరు విడిచి చేలల్లో దాక్కున్నారే గానీ కర్ర పట్టలేదని గర్వంగా చెప్పేది. కర్నూలు జిల్లాలో ముఠా కక్షలు ముదిరిన కాలంలో మా తాతయ్య పనిచేస్తున్న పల్లెలో ఒక పెద్దమనిషి, రాత్రికి మనుషులను తీసుకొని రమ్మని కబురు పెట్టాడట. తాతయ్యకు పోక తప్పదేమో అన్న భయం. అవ్వ తలుపు గడియ పెట్టి, "పోతే నేనూ వస్తా, ముందు నన్ను కొట్టి దాటిపోండి" అని గడప మీద కూర్చుంది. తెల్లవారి వారు సామాను బండికెత్తుకొని కర్నూలు చేరారు. ఆ పంతులు ఉద్యోగం పోయింది. తరువాత చాలా ఏళ్ళు ఇల్లు గడవడం కష్టమైంది. పిరికితనమని కొందరు బంధువులే అన్నారు. నాకు మాత్రం మొలోచ్నా మైదానాల నుంచి బయలుదేరిన ఒక విశ్వాసం మా గడప దాకా నడిచి వచ్చిందన్నంత గౌరవం కలుగుతుంది.

ఆ మిషను పుట్టించిన మనుషుల్లో ప్రపంచం గుర్తించిన వారు కూడా ఉన్నారు. మిషనరీల కొడుకుగా 1932లో శంషాబాదులో పుట్టిన పాల్ హీబర్ట్, మానవ శాస్త్రవేత్తగా పాలమూరు ప్రాంతపు పల్లెను లోతుగా అధ్యయనం చేసి పేరు పొందారు. అటువంటి విద్వాంసుడికి పల్లె మాట నేర్పిన వంటవాళ్ళూ ఆయాలూ ఎవరో కూడా తెలిస్తే ఎంత బాగుండును.

1970ల నాటికి దొరలు దాదాపు వెళ్ళిపోయారు. బడులు, ఆసుపత్రి, బైబిలు స్కూలు, ఆస్తులు తెలుగు నాయకుల చేతికి వచ్చాయి. ఆస్తుల మీద తగాదాలు వచ్చాయి, కొన్ని కోర్టుల దాకా పోయాయి. వాటి గురించి నాకు రాయాలని లేదు. సభ్యుల సంఖ్య మాత్రం పెరుగుతూ వచ్చి, నేడు లక్షకు పైబడి, ప్రపంచంలోని పెద్ద మెన్నోనైట్ సమాజాల్లో ఒకటిగా తెలుగు ఎం.బి. సంఘం నిలిచింది. అవ్వ దగ్గర మేము నేర్చుకున్న పిడికిలి బియ్యం అలవాటు ఆ పెరుగుదలకు ఆధారమని నేను గట్టిగా నమ్ముతాను. అన్నం వండే ముందు ప్రతి పూటా ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయాలి. నెలాఖరున ఆ బియ్యం సంఘానికి. ఇంట్లో నూకలు మాత్రమే ఉన్న రోజున నూకలే వేసేది. ఆ కుండలు లేకపోతే ఎన్ని పల్లె సంఘాలు తమ బోధకుడికి అన్నం పెట్టి ఉండేవో చెప్పలేను.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి ఏకమై కర్నూలును ముంచినప్పుడు మా ఇంట్లోకి నీరు మనిషెత్తు వచ్చింది. అప్పటికి అవ్వ లేదు. ట్రంకు పెట్టె బురదలో కూరుకుపోయి దొరికింది. బాప్తిస్మపు కాగితం, పాలమూరు బదిలీ పత్రిక, బోర్డింగు పిల్లల గుంపు ఫొటో ముద్దయిపోయాయి. విడదీయబోతే అక్షరాలు వేళ్ళకు అంటుకొని వచ్చాయి. దుప్పటిని ఉతికి ఆరబెట్టాము గానీ నీలం గళ్ళ ముక్క చీకిపోయింది. ఆ గుంపు ఫొటోలో ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో అవ్వ నాకు వేలితో చూపించి చెప్పి ఉంది, కొన్ని పేర్లు గుర్తున్నాయి, కొన్ని లేవు.

గద్వాలలోని మా మేనత్త కొడుకు ఇప్పుడు ఒక నోటుబుక్కు మొదలుపెట్టాడు. ఒక్కో పల్లెకు ఒక పేజీ: మొదటి పంతులు ఎవరు, బైబిలు స్త్రీ ఎవరు, గుడిసె గుడి ఎవరి స్థలంలో వేశారు, బావి ఎవరు తవ్వించారు. వృద్ధులను అడిగి, ఇద్దరు ముగ్గురు ఒప్పుకున్నదే రాస్తున్నాడు. మహబూబ్‌నగరు, గద్వాల, వనపర్తి, దేవరకొండ, నాగర్‌కర్నూలు బోర్డింగులలో చదివిన తల్లులూ అవ్వలూ ఉన్నవారు, ముఖ్యంగా పెళ్ళిళ్ళ మీద కర్నూలు, ఆదోని, నంద్యాల వైపు వచ్చి స్థిరపడినవారు, వారి పేర్లు, ఊళ్ళు, చదివిన కాలం, ఇంట్లో ఫొటో ఉంటే దాని వెనుక ఉన్న రాత, ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టండి. కాగితాన్ని కింది అరలో కాకుండా అటక మీద పెట్టండి.